వానలో రైడుకు పోవాలా వద్దా: తేల్చుకోవడానికి తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం మా పిల్లల సైకిల్ రైడు పెట్టుకోవాలా మానుకోవాలా అని శనివారం సాయంత్రం నుంచి చాలామందికి ఫోన్లు చేశాను. పొద్దుపోయాక చేసినా ఎవరూ విసుక్కోలేదు. "నీ ఇష్టం, చూసుకుని పో" అని ఒక్కరు కూడా దాటవేయలేదు. ఏం చూడాలో, ఎక్కడ చూడాలో ఓపిగ్గా చెప్పారు. పేర్లు రాయొద్దని వాళ్ళలో కొందరు అన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. కానీ ఎవరి మాట ఎక్కడ పనికొచ్చిందో చెప్పకుండా ఒట్టి థాంక్స్‌తో ముగించడం నాకు ఇష్టం లేదు.

తిరుపతి సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. మా వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, ఈశాన్య రుతుపవనాలకు పడతాయి. బంగాళాఖాతంలో వాయుగుండం లేచిందంటే శేషాచలం కొండలు మబ్బులో మునిగిపోతాయి. సైకిల్ తొక్కడానికి బాగుండే కాలమూ అదే. ఎండ ఉండదు, దుమ్ము లేవదు, కపిలతీర్థం జలపాతం దూరం నుంచే తెల్లగా కనిపిస్తుంది. ఎంటీబీ (కొండ దారులకు, మట్టి బాటలకు పనికొచ్చే సైకిల్) కొనుక్కున్న పిల్లలు ఏడాదంతా ఈ రెండు మూడు నెలల కోసమే కాచుకుంటారు. కాబట్టి "వాన పడుతోంది, మానుకోండి" అంటే సీజనంతా మానుకోవడమే. అలాగని "ఏమీ కాదులే" అనడానికీ లేదు. 2021 నవంబరు చూసినవాళ్ళం మేము. కపిలతీర్థంలో నీళ్ళు దూకిన తీరు, స్వర్ణముఖి పొంగిన తీరు, రాయలచెరువు కట్టకు లీకేజీ పడిందని కింది ఊళ్ళన్నీ ఖాళీ చేయించడం, ఇవేవీ ఈ ఊరి జనం మరిచిపోలేదు.

మేము తొక్కేది అడవిలో కాదు. శేషాచలం రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా పోకూడదు, పోము కూడా. చంద్రగిరి దాటాక రంగంపేట, కళ్యాణి డ్యాం వైపు ఊళ్ళ మధ్య ఉన్న బండి బాటలు, మామిడి తోటల పక్క దారులు, చెరువు కట్టలు, ఇవే మా ట్రయల్స్. ఆదివారానికి అనుకున్న దారి కొండ అంచున పోతుంది, మధ్యలో ఒక వంకను (కొండ వాగును) రెండుసార్లు దాటాలి. వచ్చేవాళ్ళలో మా అక్క కూతురు, ఆమె కాలేజీ ఫ్రెండ్స్, మా వీధి పిల్లలు, వాళ్ళలో ఇద్దరు ఈ మధ్యే మొదలుపెట్టినవాళ్ళు. శనివారం మధ్యాహ్నమంతా వాన కురిసి సాయంత్రానికి వెలిసింది. మా అక్క కూతురు గుమ్మంలో నిలబడి "మామా, ఆగిపోయింది కదా, ఇంకేం టెన్షన్?" అంటోంది. ఆ పిల్ల ఉత్సాహం చూస్తే వద్దనడానికి నోరు రాదు. మిగతా పిల్లల అమ్మానాన్నలు నన్ను నమ్మి పంపిస్తున్నారు, అందుకని ఊరికే సరే అనడానికీ మనసు ఒప్పుకోలేదు.

మొదటి ఫోన్ బెంగళూరులో ఉండే మా పిన్ని కొడుక్కి. కర్ణాటకలో కొండల మధ్య ఉండే సక్లేశపురం వైపు వానల్లోనే సైకిల్ తొక్కడం నేర్చుకున్నాడు వాడు. "అన్నా, ఆకాశం తర్వాత చూద్దువుగానీ, ముందు నేల సంగతి చెప్పు" అన్నాడు. ఎర్రనేలే కదా అన్నాను. ఎర్రనేలంతా ఒకటి కాదన్నాడు. గరుసు, ఇసుక కలిసిన చోట నీళ్ళు ఇంకిపోయి తెల్లారేసరికి బాట గట్టిగా ఉంటుంది, పైగా ఎండాకాలం కంటే టైరు బాగా పట్టుకుంటుంది. బంకమట్టి ఉన్న చోట, అంటే చెరువుల కిందా పొలాల గట్ల మీదా, ఒక రోజు ఎండినా చాలదు. తెలుసుకోవడానికి వాడు చెప్పిన పద్ధతి చాలా సులువు. బాట మొదట్లోనే సైకిల్ దిగి కొంచెం దూరం నడవాలి. చెప్పు కింద మట్టి అట్టకడితే టైరుకూ కడుతుంది. తర్వాత సైకిల్‌ను కొంచెం తోసి వెనక్కి తిరిగి చూడాలి. టైరు గుర్తు పైపైన పడితే పోవచ్చు, లోతుగా దిగి గాడి మిగిలితే వెనక్కి తిరగాలి.

ఆ గాడి గురించి వాడు చెప్పిన మాట పిల్లలందరికీ వినిపించాను. తడి నేలలో మనం వేసిన గాడి ఎండాక అలాగే గట్టిపడిపోతుంది. మళ్ళీ వాన పడితే నీళ్ళు బాటంతా పరుచుకోకుండా ఆ గాడిలోనే పరుగెత్తుతాయి. రెండు మూడు వానలకు అది కాలువ అవుతుంది. బాట పాడయ్యేది మనకొక్కరికే కాదు, రోజూ పాల క్యాన్లతో మోపెడ్ మీద పోయేవాళ్ళకు, ఎడ్లు తోలుకుపోయేవాళ్ళకు. "నువ్వు పడితే మోకాలు మానుతుంది, ఆ బాట మానదు" అన్నాడు తమ్ముడు. వాడికి నా ప్రత్యేక కృతజ్ఞతలు. ఆఫీసు పని పెట్టుకుని కూడా గంటకు పైగా మాట్లాడాడు.

తర్వాత మా సైకిల్ షాపు అన్న. షట్టరు దించే టైముకు పోయాము. సైకిళ్ళన్నీ వరసగా పెట్టించి ఒక్కోదాని బ్రేక్ ప్యాడ్లు విప్పి చూశాడు. మా అక్క కూతురి సైకిల్‌వి తీసి, ఫోన్ టార్చ్ వేసి, ఆమె అరచేతిలో పెట్టాడు. ఇనప రేకు మీద మసాలా, అంటే డిస్కును పట్టి ఆపే పూత, మిల్లీమీటరు కూడా లేదు. "పొడి రోడ్డు మీద ఇంకో నెల వస్తాయమ్మా. రేపు బురదలో పోతే ఇసుక కలిసి ఒక్క పూటలో అరిగిపోతాయి, ఆపైన రేకే చక్రం మధ్యలో ఉండే బ్రేక్ డిస్కును గీకుతుంది" అన్నాడు. రెసిన్ (మెత్తటి రకం) ప్యాడ్లు తడిసిన ఇసుకలో తొందరగా అరుగుతాయని, సింటర్డ్ (లోహపు పొడితో చేసిన గట్టి రకం) ప్యాడ్లు కొంచెం చప్పుడు చేసినా వానాకాలానికి ఎక్కువ కాలం వస్తాయని, అయితే డిస్కు మీద రెసిన్ మాత్రమే అని రాసి ఉంటే అవి వేయకూడదని చెప్పాడు. కొత్తవి వేసి, అక్కడే వీధిలో పిల్లను ఆ చివరి దాకా వేగంగా తొక్కించి, చక్రం బిగుసుకుపోకుండా బ్రేక్ పట్టించి, మళ్ళీ మళ్ళీ అదే చేయించాడు. కొత్త ప్యాడ్లు డిస్కుకు సర్దుకోకుండా నేరుగా దిగుడు దారిలోకి పోకూడదట.

కొత్తగా మొదలుపెట్టిన ఇద్దరి సైకిళ్ళకు డిస్కులు లేవు, రిమ్ బ్రేకులు, అంటే చక్రం అంచును రబ్బరుతో పట్టి ఆపేవి. వాటి సంగతి అన్న మొహమాటం లేకుండా చెప్పాడు. రిమ్ తడిస్తే మొదటి రెండు మూడు చుట్లు రబ్బరు నీళ్ళు తుడవడానికే సరిపోతుంది, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది, కాబట్టి వీళ్ళను దిగుళ్ళకు తీసుకుపోవద్దు అన్నాడు. తడిలో పట్టు కోసం టైర్లలో రెండు మూడు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గించాడు, ట్యూబ్ టైర్లు కాబట్టి అంతకంటే తగ్గిస్తే రాయి కొట్టి ట్యూబ్ పోతుందన్నాడు. మలుపులో బ్రేక్ పట్టకుండా మలుపుకు ముందే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించమని, పాచి పట్టిన సిమెంటు రోడ్డు గ్రీజు పూసినట్టు జారుతుంది కాబట్టి అక్కడ దిగి నడవమని ఒక్కొక్కరికీ చెప్పాడు. ప్యాడ్ల డబ్బులు మాత్రమే తీసుకున్నాడు. కూలి ఎంత అని అడిగితే "పిల్లలు బాగా తిరిగి రానీ సార్" అన్నాడు.

అటవీ శాఖలో పనిచేసే ఒక పరిచయస్తుడు డ్యూటీలో ఉండి కూడా ఫోన్ ఎత్తాడు. ఏనుగులు తోటల వైపు దిగుతున్నాయి, బాగా తెల్లారనిదే కొండ అంచుకు పోవద్దని చెప్పాడు. వాతావరణ శాఖ హెచ్చరికల రంగులు చూడటం మా అందరికీ అలవాటే. ఆరెంజ్ ఉంటే మేము ఇంట్లోనే. ఆ రోజు మా జిల్లాకు అంతకంటే ఒక మెట్టు తక్కువైన ఎల్లో ఉంది. వీధిలోనే ఉండే సైన్సు టీచరమ్మ పిడుగుల లెక్క పిల్లల చేత బట్టీ పట్టించారు. మెరుపు కనిపించాక ఉరుము వినపడేలోపు ముప్పై అంకెలు లెక్కపెట్టలేకపోతే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, వెంటనే పక్కా ఇంట్లోకి పోవాలి, చెట్టు కిందకు కాదు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. టీచరమ్మకు కూడా నమస్కారాలు.

ఇంత సరిచూసుకున్నా వంక సంగతి మాత్రం తేలలేదు. అది తేల్చింది రంగంపేట వైపు గొర్రెలు మేపుకునే పెద్దాయన. ఎండాకాలంలో మా సీసాల్లోకి బిందెతో నీళ్ళు పోసినప్పటి నుంచి మాకు పరిచయం. ఆదివారం తెల్లవారుజామున ఫోన్ చేసి, ఇక్కడ చుక్కలు కనిపిస్తున్నాయి తాతా, అక్కడెట్లుంది అని అడిగాను.

"ఈడ కూడా వాన ల్యా సామీ. కొండ మీద మాత్రం మబ్బు ఇంకా పోలేదు, రాత్రంతా ఆడ కురస్తానే ఉండాది. వంక ఇప్పుడు మోకాలు కూడా తడవదు, మీరు దాటతారు. పొద్దెక్కినాక వచ్చేటప్పుడు ఎట్ట దాటతారు? పైన పడిన నీళ్ళు కిందికి దిగాల గదా. పిల్లోళ్ళను ఆ పక్కకు తోలుకోని పోవద్దు నాయనా."

నేను చూస్తున్నది ఊరి మీద ఆకాశం, ఆయన చూస్తున్నది వంక పుట్టే చోటు. శేషాచలం పైభాగమంతా రాతి బండలు, నీళ్ళు ఇంకడానికి చోటు తక్కువ, కురిసింది కురిసినట్టు కోనల్లో పడి కిందికి వస్తుంది. కింద వాన లేకపోయినా వంక ఒక్కసారిగా రావడం అందుకే. వేగంగా పారే నీళ్ళు ఆరు అంగుళాల లోతున్నా పెద్దవాళ్ళకే కాళ్ళు నిలవవు, ఇక సైకిల్ పట్టుకున్న పిల్లల మాట చెప్పాలా.

రైడు మానుకోలేదు, దారి మార్చుకున్నాము. వంకకు ఇవతలే ఉండిపోయి, గరుసు నేల మీద పోయే తోటల దారి పట్టుకున్నాము. బాట మొదట్లో అందరం దిగి నడిచాము. మా అక్క కూతురు చెప్పు పైకెత్తి అడుగు చూసుకుని, అంటింది ఇసుకే అని అందరికీ చూపించింది. రిమ్ బ్రేకుల పిల్లలిద్దరూ మా ఊళ్ళోనే ఉండే నా ఇంకో తమ్ముడితో తారు రోడ్డు మీదే వచ్చి ఊళ్ళో మమ్మల్ని కలిశారు, అక్కడ టీ అంగట్లో అందరం కలిసి వేడి బజ్జీలు తిన్నాము. నీళ్ళు పారే చోట వేసిన ఒక చిన్న సిమెంటు చప్టా మీద పాచి కనిపిస్తే చెప్పకముందే పిల్లలు దిగి నడిపించుకుంటూ పోయారు. తడిసిన మామిడాకుల మీద ఒకరిద్దరు జారబోయి నిలదొక్కుకున్నారు. ఎవరికీ గీత కూడా పడలేదు. ఎండ రాకముందే ఇళ్ళకు చేరాము. మధ్యాహ్నం పెద్దాయనే ఫోన్ చేసి వంక నడుము లోతు పారుతోందని, తన గొర్రెలను కూడా ఈ పక్కకే తోలుకొచ్చానని చెప్పాడు. ఆ ఫోన్ స్పీకరులో పెట్టి మా అక్కకు, మిగతా పిల్లల తల్లులకు వినిపించాను. తాతా, మీకు మేమంతా రుణపడి ఉన్నాము.

పిల్లలకు ఆ ఆదివారం చేజారిపోకుండా కాపాడినందుకు, వాళ్ళను క్షేమంగా ఇంటికి చేర్చినందుకు మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇంటికి వచ్చాక సైకిళ్ళు కడగడం దగ్గర కూడా షాపు అన్న మాటే పాటించాము. ప్రెషర్ పంపుతో బేరింగుల మీద కొట్టకుండా బకెట్టు నీళ్ళు, పాత బ్రష్షుతో కడిగి, చైన్ తుడిచి నూనె వేశాము, డిస్కు మీద చుక్క పడకుండా గుడ్డ అడ్డం పెట్టి.

పెద్దాయన ఒక్కటే అడిగాడు, అది ఇక్కడ రాస్తానని మాటిచ్చాను. వాళ్ళ ఊరి చెరువు ఇప్పుడు నిండి మరవ (ఎక్కువ నీళ్ళు పోయే దారి) పారుతోంది, కట్ట పైన మట్టి ఇంకా మెత్తగా ఉంది. దాని మీద చక్రాల గాడి పడితే వాన నీళ్ళకు దారి దొరికి కట్ట కోసుకుపోతుందని ఊళ్ళో రైతుల భయం. రంగంపేట వైపు తొక్కే మిత్రులు దయచేసి కట్ట ఆరేదాకా దాని మీదికి సైకిళ్ళు, బైకులు ఎక్కించవద్దు. కట్ట కిందనే మామిడి తోట పక్కన బండి బాట ఉంది, అది గరుసు నేల, హాయిగా పోవచ్చు. దారి తెలియకపోతే నాకు మెసేజ్ పెట్టండి, లొకేషన్ పంపిస్తాను.