చీరకట్టులోనే కాక్‌పిట్‌లోకి

అందరికీ నమస్తే. మన దేశంలో తొలి మహిళా పైలట్ల గురించి నిన్న మాటొచ్చింది కదా, వాళ్లలో ఒకరు సరళా ఠక్రాల్. 1936లో, 21 ఏళ్లకే లైసెన్స్ తెచ్చుకున్నారు. అప్పటికే ఆమెకు నాలుగేళ్ల పాప! చీరకట్టులోనే జిప్సీ మాత్ అనే బుల్లి విమానం ఎక్కి ఒంటరిగా నడిపారు. దానికి పైకప్పు కూడా ఉండదు, గాలి నేరుగా మొహానికే కొడుతుంది. (కొంగు ఎలా ఆపుకున్నారో నాకైతే అర్థం కాదు.)

1939లో పైలట్ అయిన భర్త విమాన ప్రమాదంలో పోయారు. జీతానికి విమానం నడపడానికి కావలసిన కమర్షియల్ లైసెన్స్‌కి సిద్ధమవుతుంటే యుద్ధం వచ్చి శిక్షణే ఆగిపోయింది. ఆమె లాహోర్ వెళ్లి చిత్రకళ నేర్చుకున్నారు. ఆ కమర్షియల్ లైసెన్స్ 1947లో ప్రేమ్ మాథుర్ అనే మరో మహిళ సాధించారు. ఎన్నో సంస్థలు కాదన్నాక ఆమెకు ఉద్యోగమిచ్చింది ఎవరనుకున్నారు? మన హైదరాబాద్ డెక్కన్ ఎయిర్‌వేసే.