పికప్ పోయిన కారుకు అక్కర్లేని థ్రాటిల్ బాడీ మార్చి రూ.19,640 తీసుకోవడంపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగాధికారి గారికి,

నమస్కారం.

మీ కంపెనీ టర్బో పెట్రోల్ కారు నేను 2021లో కొన్నాను. ఇప్పటికి 46,000 కిలోమీటర్లు తిరిగింది. మొదటి నాలుగేళ్లు ఏ ఇబ్బందీ పెట్టలేదు. గత మూడు నెలల్లో హైదరాబాద్‌లోని మీ సర్వీస్ సెంటర్‌లో జరిగింది మీ దృష్టికి తెచ్చి, నా డబ్బు వెనక్కి అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కారుకు పికప్ పోయింది. యాక్సిలరేటర్ తొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు, తర్వాత బరువు లాగుతున్నట్టు మెల్లగా కదులుతుంది. ఉప్పల్ ట్రాఫిక్‌లో అంతగా తెలిసేది కాదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు తెలిసేది. సరిగ్గా అప్పుడే బానెట్ వైపు నుంచి గాలి పోతున్నట్టు స్స్‌మని చప్పుడు వచ్చేది. ఈ చప్పుడు సంగతి మొదటి రోజే సర్వీస్ అడ్వైజర్‌కు చెప్పాను. జాబ్ కార్డులో మాత్రం ‘పికప్ తక్కువ’ అని ఒక్క ముక్క రాసుకున్నారు.

మొదటిసారి పెట్రోల్ బాగా లేదన్నారు. రూ.380 పెట్టి ట్యాంకులో ఏదో కలిపారు. రెండోసారి థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) క్లీన్ చేసి రూ.1,450 తీసుకున్నారు. ఆ డబ్బు నేను అడగడం లేదు. ఇన్ని కిలోమీటర్లు తిరిగిన బండికి కార్బన్ పట్టే ఉంటుంది, ఎప్పటికైనా చేయించాల్సిందే. మూడోసారి థ్రాటిల్ బాడీయే పోయిందని తేల్చి, కొత్తది వేసి రూ.19,640 బిల్లు ఇచ్చారు. పాతది చూపించమంటే చూపించలేదు. ఐడ్లింగ్ కాస్త నున్నగా ఉందని చెప్పి పంపించారు. పికప్ ఎప్పటిలాగే ఉంది.

ఈ మూడుసార్లలో ఒక్కసారి కూడా ఎవరూ నా పక్కన కూర్చుని కారును రోడ్డు మీదికి తీసుకురాలేదు. షెడ్డులో నిలబెట్టి న్యూట్రల్‌లో రేస్ ఇచ్చి చూశారు. బండి మీద లోడ్ లేనప్పుడు, ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో సరిగ్గా ప్రెషర్ కట్టదు. కాబట్టి అలా చూస్తే నా సమస్య ఎప్పటికీ కనిపించదు. ఈ మాట మీ ఇంజనీర్లకు నేను చెప్పాల్సి రావడం బాధగా ఉంది.

థ్రాటిల్ బాడీ మార్చిన పదో రోజు అమ్మను తీసుకుని శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కు బయలుదేరాను. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతూ యాక్సిలరేటర్ మొత్తం తొక్కాను. బండి లాగలేదు. వెనక నుంచి లారీ హారన్ కొడుతూ మీదికి వస్తోంది. ఆ డ్రైవర్ పక్క లేన్‌లోకి తిప్పాడు కాబట్టి మేం బతికాం. అమ్మ ఆ రోజంతా మాట్లాడలేదు. ఇప్పటికీ ఔటర్ అంటే ఆమెకు టెన్షనే.

మర్నాడు రామంతాపూర్‌లో మా వీధి చివర షెడ్డు నడిపే మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన చిన్న స్కానర్ పెట్టి, నన్నే నడపమని పక్కన కూర్చున్నాడు. నేను పెడల్ తొక్కినప్పుడల్లా థ్రాటిల్ అంతకంత తెరుచుకుంటోంది. అంటే పెడల్ సెన్సర్, థ్రాటిల్ రెండూ బాగానే ఉన్నాయి. కానీ ఫుల్ రేస్‌లో మేనిఫోల్డ్ ప్రెషర్, అంటే ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి, 100 కిలోపాస్కల్స్ దగ్గరే ఆగిపోతోంది. టర్బో బండికి అది అంతకన్నా చాలా ఎక్కువ రావాలి. టర్బో ప్రెషర్ తక్కువగా ఉందని చెప్పే పీ0299 కోడ్ కూడా పెండింగ్‌లో కనిపించింది. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలగలేదు కాబట్టి మీవాళ్లు అక్కడిదాకా చూడలేదేమో.

షెడ్డుకు వచ్చాక ఆయన టర్బో నోటికి మూత బిగించి, కొద్దిగా గాలి పెట్టి, పైపుల మీద సబ్బు నీళ్లు చల్లాడు. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి థ్రాటిల్‌కు వెళ్లే రబ్బరు పైపు కింద, క్లాంప్ పక్కనే బుడగలు వచ్చాయి. పైపు చీలింది. చుట్టూ నూనె జిడ్డు కూడా ఉంది. పైపు రూ.2,300, కూలి రూ.500. గంటన్నరలో పని అయిపోయింది. ఆ సాయంత్రం ఔటర్ మీద అదే స్కానర్ మేనిఫోల్డ్ ప్రెషర్ 170 కిలోపాస్కల్స్ దాటి చూపించింది. స్స్‌మనే చప్పుడు పోయింది.

నాకు మింగుడు పడనిది ఇది. నా కారులో ఆ పైపు విప్పకుండా థ్రాటిల్ బాడీ బయటికి రాదు. మీ టెక్నీషియన్ చీలిన పైపును చేత్తో విప్పాడు, పక్కన పెట్టాడు, మళ్లీ దాన్నే బిగించాడు. గాలి చప్పుడు వస్తోందని నేను చెప్పిన మాట జాబ్ కార్డులో రాసి ఉంటే, ఆ పైపును ఒక్కసారి తిప్పి చూసేవాడు.

థ్రాటిల్ బాడీ కోసం తీసుకున్న రూ.19,640 వెనక్కి ఇవ్వాలి. నా పాత థ్రాటిల్ బాడీ కావాలి. అది పాడైందని ఏ పరీక్ష చేసి తేల్చారో, ఆ రీడింగులు రాతపూర్వకంగా పంపాలి. పికప్ లేదని వచ్చే ఏ కారునైనా పార్టు మార్చే ముందు రోడ్డు మీద నడిపి రీడింగులు చూడాలని మీ సర్వీస్ సెంటర్లన్నిటికీ చెప్పండి. నాలాగే బిల్లు కట్టి, అదే బండితో ఔటర్ ఎక్కుతున్నవాళ్లు ఇంకా ఉండొచ్చు.

మూడు జాబ్ కార్డులు, బిల్లులు, స్కానర్ ఫొటోలు, చీలిన పైపు ఫొటో జత చేశాను. పైపు నా దగ్గరే ఉంది, ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు. 15 రోజుల్లో సమాధానం రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
కారు యజమాని,
రామంతాపూర్, హైదరాబాద్