2024–25 వార్షిక నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభకు వచ్చిన సభ్యులకు నమస్కారం. రానివారికీ నమస్కారం, వాళ్లే ఎక్కువమంది.

ఈ ఏడాది మన జంతు సంరక్షణ సంఘం షెడ్డుకు 19 కుక్కలు చేరాయి. అందులో 11 ముధోల్, కారవాన్ లాంటి వేట రకాలో, వాటి సంకరాలో. అడవి పందుల మీదికి వదలడానికి పెంచుతారు, కాలు విరిగితే ఊరి బయట వదిలేసి పోతారు. జనవరిలో వచ్చిన ఆడకుక్కకు డొక్కలో పంది కోర దిగిన గాయం ఉంది. దాన్ని ఎవరో గోనెసంచి కుట్టినట్టు దారంతో కుట్టేశారు. మెడకు కట్టిన నైలాన్ తాడు చర్మంలోకి దిగిపోయింది. తాడు కోసి తీయడానికి డాక్టరుగారికి ముప్పావుగంట పట్టింది. ఇప్పుడు కోలుకుంది గానీ, ఎవరైనా కర్ర పట్టుకుంటే చాలు, లేచి ముందుకొచ్చి నిలబడుతుంది. వేటకు బయలుదేరుతున్నామనుకుంటుంది పాపం.

(ఈ జాతులకు ఆరోగ్యంగా ఉన్నా డొక్కలు కనబడతాయి. 'తిండి పెట్టడం లేదా?' అని అడిగిన సభ్యులకు ఇదే జవాబు.)

ఇలా వదిలేసిపోయేవాళ్ల మీద ఫిర్యాదు చేస్తే పోలీసులు 'యజమాని ఎవరో చెప్పండి, చూద్దాం' అన్నారు. మున్సిపాలిటీవాళ్లు మా పరిధి కాదన్నారు. పంచాయతీలో కుక్కల రిజిస్టరే లేదు. అటవీ సిబ్బందిని అడిగితే, వేట పట్టుబడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చూస్తాం, కుక్క సంగతి మాకెందుకన్నారు. ఫ్లాట్‌లో పమేరియన్ పెంచుకునే మన సభ్యురాలికి మాత్రం లైసెన్సు లేదని నోటీసు ఠంచనుగా వచ్చింది! ఒకవేళ యజమాని దొరికినా, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ ఫిర్యాదు కోసం మనం పెట్టిన ఆటో ఖర్చే అంతకంటే ఎక్కువ.

ప్రమాదకరమైనవంటూ 23 కుక్క జాతుల పెంపకాన్ని, అమ్మకాన్ని నిషేధించమని కేంద్రం 2024 మార్చిలో ఇచ్చిన సర్క్యులర్‌ను ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. ఆ కబురు చేరేలోపే ఎవరో ఆ జాబితాలోని ఒక రాట్‌వీలర్‌ను మన గేటుకు కట్టేసి పోయారు.

సెప్టెంబర్ 28, ప్రపంచ రేబిస్ దినం నాడు పెట్టిన ఉచిత టీకా శిబిరం మన సంఘానికే గర్వకారణం. పొద్దున్నే కరెంటు పోయింది. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి ఒకటే టెన్షన్. కోశాధికారిగారు స్కూటర్ మీద ఐసు తెచ్చి థర్మోకోల్ పెట్టెల్లో సర్దారు. పక్క ఊళ్ల వేటగాళ్లు కూడా కుక్కలు తోలుకొచ్చారు. పేర్లు అడగలేదు, అడిగితే మళ్లీ రారు. పేర్లిచ్చిన 25 మంది వాలంటీర్లలో వచ్చింది ఆరుగురు. ఆ ఆరుగురికీ, డాక్టరుగారికీ, కాంపౌండర్‌కూ, షామియానా ఉచితంగా వేసిన సభ్యుడికీ, భోజనాలు వండిన మహిళా సభ్యులకూ పేరుపేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, కాపీ బల్ల మీద ఉంది. మందుల షాపు బాకీ కొంత మిగిలింది. చందా కట్టనివారు ఇవాళే కట్టగలరు.

చివరగా ఒక మనవి. శిబిరం రోజు నుంచి టీకాల ఫ్రిజ్ తాళంచెవి ఒకటి కనబడటం లేదు. ఎవరి జేబులో ఉన్నా సభ ముగిసేలోపు ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి