“మా దోస్తుకు ఒక డౌట్”

మామా,

ఎట్లున్నవ్? కరీంనగర్‌లో రూమ్ దొరికిందా? ఇక్కడ కాకతీయ యూనివర్సిటీలో చలి మొదలైంది. హాస్టల్ సాంబారు సంగతి నీకు తెలిసిందే, రాయను.

అసలు కబురు విను. కాలేజీల్లో హెచ్‌ఐవీ గురించి అవగాహన కల్పించే రెడ్ రిబ్బన్ క్లబ్బులో నేను పీర్ ఎడ్యుకేటర్‌గా, అంటే తోటి స్టూడెంట్లకు చెప్పేవాడిగా చేరాను. “హెచ్‌ఐవీ గురించి చెప్పేటోడివి నువ్వా!” అని మా రూమ్మేట్ ఇప్పటికే నీ వంతు కూడా నవ్వేశాడు.

సెమినార్ హాల్లో మేడం “డౌట్స్ ఉన్నాయా?” అంటే అందరివీ నేలచూపులే. రాత్రి వాటర్ ఫిల్టర్ దగ్గర మాత్రం ఒకడు మెల్లగా వస్తాడు. “అన్నా, మా దోస్తుకు ఒక డౌట్.” ఆ దోస్తు ఎవరో తెలిసినా చివరిదాకా దోస్తు గురించే మాట్లాడాలి. నేను మార్కులు వేయను, ఇంటికి ఫోన్ చేయను. అందుకే నా దగ్గరికి వస్తారు.

దోమ కుడితే వస్తదా, ఒకే కంచంలో తింటే వస్తదా అనేవాటికి “రాదు” అంటే అయిపోతుంది. “పోయిన వారం తప్పు జరిగింది, టెస్టులో ఏం లేదన్నారు, ఇక భయం లేనట్టేనా?” అన్నదే అసలు ప్రశ్న. లేనట్టు కాదు మామా. మామూలు టెస్టు పట్టుకునేది వైరస్‌ను కాదు, దాని మీద ఒంట్లో పుట్టే యాంటీబాడీలను. అవి తయారు కావడానికి టైం పడుతుంది, కాబట్టి మూడు నెలలకు మళ్లీ చేయించాలి. అదే తప్పు జరిగిన 72 గంటల్లోపు ఆస్పత్రికి వస్తే, వైరస్ అంటుకోకుండా ఆపడానికి 28 రోజుల మందుల కోర్సు ఉంది, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. ఈ ఒక్క ముక్క ప్రతి హాస్టల్ గోడ మీదా రాయించాలని నాకుంది.

కండోమ్ ఎట్లా వాడాలో కూడా చూపిస్తాం, చెక్క బొమ్మ మీద. ముందు ఎక్స్‌పైరీ డేట్ చూడాలి, పళ్లతో చింపొద్దు, కొసను వేళ్లతో నొక్కి గాలి తీసేయాలి. మొదట ఇకఇకలు, తర్వాత వెనక బెంచీవాళ్లు కూడా ముందుకొచ్చి చూస్తారు.

వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానాలో టెస్టు ఉచితం, ముందూ వెనకా కౌన్సెలింగ్ ఉంటుంది. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మనం ఒప్పుకోకుండా టెస్టు చేయకూడదు, రిజల్టు బయటపెట్టకూడదు. అక్కడిదాకా రావడానికి సిగ్గుపడేవాళ్లకు ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 నంబర్ ఇస్తున్నా.

నీతో పని పడింది. డిసెంబర్ 1న, ఎయిడ్స్ డే రోజు, స్కిట్ వేస్తున్నాం. మావాళ్లు రాసినదాంట్లో హీరో చివర్లో దగ్గి దగ్గి చనిపోతాడు. ఏ కాలంలో ఉన్నారో! రోజూ మాత్రలు వేసుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ, పెళ్లాంతో పోట్లాడే హీరో కావాలి. డైలాగులు నువ్వే రాయాలి, ఆదివారంలోగా పంపు.

నీ
మామ