చిక్కుడు గింజలతో ఒక ఉత్తరం

రాజమహేంద్రవరం,
భీష్మాష్టమి.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం భోగికి ముందురోజు చేరింది. పండుగ పనుల వల్ల వెంటనే జవాబు రాయలేకపోయాను. పైగా మా డాబా మీది చిక్కుడు పాదు సంగతులన్నీ రథసప్తమి గడిచాక ఒక్కసారిగా రాయాలని మనసులో పెట్టుకున్నాను. నిన్న ఆ పండుగ అయింది, ఈరోజు తీరిక దొరికింది. చెల్లెమ్మ, పిల్లలు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అమ్మ, మా ఆవిడ, నేను కులాసా. అమ్మకు మోకాళ్ళ నొప్పులున్నా రోజుకొకసారి కటకటాలు పట్టుకుని మెట్లెక్కి డాబా మీదకు రావడం మాత్రం మానలేదు. పాదు చూడకపోతే తనకు తోచదని అంటుంది.

మీ వీధిలో అనపకాయలు బుట్టలకు బుట్టలు అమ్ముతున్నారనీ, వాటి గింజలు నానబెట్టి, తొక్క పితికి, చెల్లెమ్మ కూర వండిందనీ నువ్వు రాసింది నేను పైకి చదివి వినిపించగానే ఇంట్లో అందరం తికమకపడ్డాం. మా వైపు ఆనపకాయ అంటే సొరకాయ కదా! సొరకాయ గింజలను పితికి కూర ఎలా వండుతారని మా ఆవిడ రెండు సార్లు అడిగింది. మీ చిత్తూరు వైపు అనపకాయ అంటే చిక్కుడు జాతిదేననీ, ఒక్క దీర్ఘం తేడాతో కూర మారిపోయిందనీ తెలిశాక అమ్మ ఎంత సంతోషించిందో చెప్పలేను. మదనపల్లెలో నువ్వు గింజల కోసం పండించే మొక్కను చూస్తున్నావు, ఇక్కడ నేను కాయ కోసం పెంచే పాదును చూస్తున్నాను. రెండూ ఒకే జాతివి. ఈ మాట నాకు ఎందుకు ఇంత నచ్చిందో ఉత్తరం చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

నీకు గుర్తుందో లేదో, నాలుగేళ్ళ క్రితం దానవాయిపేటలోని మీ ఇల్లు అమ్మిన వారంలో నేను సామాను సర్దడానికి వచ్చాను. నువ్వు లారీ వాళ్ళతో మాట్లాడుతుండగా మీ అమ్మగారు నన్ను పెరట్లోకి పిలిచి, నూతి గట్టు పక్కన దడి మీద ఎండిపోయిన చిక్కుడు పాదు నుంచి కాయలు తెంపి, గలగలలాడుతున్నవాటిని మాత్రం ఏరి నా చొక్కా జేబులో పోశారు. ‘కొత్త ఇంట్లో పెరడు లేదట నాయనా, నీ దగ్గర ఉంచు’ అన్నారు. నేను వాటిని ఒక మందుల సీసాలో పోసి బీరువాలో పెట్టి మరిచిపోయాను. ఆ తప్పు నాదే. ఆమె పోయారని నువ్వు ఫోను చేసిన నాడు ఆ సీసా గుర్తుకు వచ్చింది. అప్పటికే రెండేళ్ళు గడిచిపోయాయి. ఇరవై గింజలు విత్తితే మూడే మొలిచాయి. వాటిలో రెండు శ్రావణంలో ముసురు పట్టినప్పుడు నీరు నిలిచి వేరు కుళ్ళి చనిపోయాయి. మిగిలిన ఒక్క పాదుకు ఆ ఏడాది కాసిన కాయల్లో ఒక్కటి కూడా కూరకు కోయనివ్వకుండా అన్నీ గింజకే వదిలాను. ఈసారి మా డాబా మీద ఉన్న నాలుగు పాదులూ ఆ ఒక్కదాని సంతానమే.

మొక్క బతకాలంటే తొట్టె సరిగ్గా ఉండాలని ఆ కుళ్ళిన వేర్లే నాకు నేర్పాయి. అందుకని ఈసారి తొట్టెల కొనుగోలు మీద చాలా శ్రద్ధ పెట్టాను. సిమెంటు తొట్టెలు చూడడానికి దిట్టంగా ఉన్నా శ్లాబు మీద బరువు పడుతుందని మా ఆవిడ ఒప్పుకోలేదు, ఆమె భయం సమంజసమైనదే. చివరికి పాత ప్లాస్టిక్ నీళ్ళ డ్రమ్ములు రెండు కొని అడ్డంగా కోయించి నాలుగు తొట్టెలు చేయించాను. ఆకుకూరలకు చేపల మార్కెట్టులో ఐసు పెట్టి తెచ్చే థర్మాకోల్ పెట్టెలు తెచ్చాను. వాటిని సున్నపు నీళ్ళతో రెండు సార్లు కడిగి నాలుగు రోజులు ఎండబెడితేగాని నీచు వాసన వదలలేదు. అడుగున కన్నాలు పెట్టి, ప్రతి తొట్టె కిందా ఇటుకలు పేర్చి, నీరు శ్లాబు మీద నిలవకుండా చూసుకున్నాను. మట్టి ఒక్కటే నింపితే బరువు కనుక ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్ళలో కలిపి, గుప్పెడు వేపపిండి చల్లాను. ఖర్చు ఎంతయిందని నువ్వు అడుగుతావు. కూరగాయల ఖర్చు తగ్గించుకోవాలని మాత్రమే తోట వేసేవాళ్ళు మొదటి ఏడాది లెక్క చూసుకోకుండా ఉండడమే మంచిదని నా అభిప్రాయం.

ఆషాఢంలో గింజలు విత్తాను. భాద్రపదం వచ్చేసరికి పందిరంతా ఆకు కమ్ముకుంది గాని ఒక్క పూమొగ్గ కూడా కనిపించలేదు. బలం చాలలేదేమోనని వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్ళు పోశాను. ఆకు మరింత దట్టమయింది. అమ్మ చూసి, దసరా దాటేదాకా దాని జోలికి పోవద్దని గట్టిగా చెప్పింది. తరువాత వ్యవసాయ పుస్తకంలో చదివితే అర్థమయింది: నాటు చిక్కుడుకు పగటి పొద్దు తగ్గితేనే పూత వస్తుందట. అదీగాక, చిక్కుడు వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని ఒడిసిపట్టి మొక్కకు ఇస్తాయి గనుక నేను అదనంగా పోసిన బలమంతా ఆకుకే పోయింది. చెప్పినట్టే దసరా వెళ్ళింది, కార్తీకంలో ఊదారంగు గెలలు పందిరి మీద బారులు తీరాయి. ఆ రంగు చూడగానే మీ నూతి గట్టు కళ్ళకు కట్టింది. మార్గశిరం నుంచి వారానికి కిలో, కిలోంబావు కాయ కోస్తున్నాం. అల్లం, పచ్చిమిర్చి నూరి వేసిన కూర ఒకరోజు, వంకాయతో కలిపి మరొకరోజు, వేయించి నువ్వులపొడి చల్లి ఇంకొకరోజు వండుతున్నాం. ఎన్ని సార్లు తిన్నా మొహం మొత్తలేదు.

పుష్యమాసపు మబ్బుల్లో పేనుబంక పట్టింది. లేత గెలల చుట్టూ నల్లగా అంటుకుని, వాటి వెంట చీమల బారులు కూడా వచ్చాయి. నేను లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పూట కొట్టాను; అమ్మ భోగిమంట బూడిదను జల్లెడ పట్టి దాచి, తెల్లవారుజామున మంచు తడి మీద చల్లింది. ఎవరి మందు పనిచేసిందని మా ఇంట్లో ఇంకా తేలలేదు. బాగా పట్టిన గెలలను నేను నిర్దాక్షిణ్యంగా తుంచి పారేయడమే అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసిందని నా నమ్మకం.

బీరపాదు గురించి కూడా ఒక మాట చెప్పాలి. డాబా మీదకు తేనెటీగలు చాలినన్ని రావు కనుక పిందెలు పసుపుబారి రాలిపోయేవి. మగపువ్వు తెంపి ఆడపువ్వుకు మనమే అద్దాలని తెలుసుగాని, నేను పొద్దున్నే వెళ్ళి చూస్తే పూలు వాడిపోయి ఉండేవి. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, నేతిబీర పువ్వేమో తెల్లవారుజామున విచ్చుకుంటుంది. ఈ తేడా తెలిసిన నాటి నుంచి ఆఫీసు నుంచి రాగానే కాఫీ గ్లాసు పట్టుకుని నేరుగా డాబా మీదకు వెళుతున్నాను. దీపాలు పెట్టే వేళ ఆ పసుపు పూల మధ్య నిలబడితే రోజంతటి అలసట తీరిపోతుంది.

ఇక బజారు సంగతులు. రైతు బజార్లు 1999 జనవరిలో మొదలైన కొత్తల్లో మనమిద్దరం సైకిళ్ళ మీద వెళ్ళి, ధరల బోర్డు ముందు నిలబడి బయటి ధరలతో పోల్చి చూసుకునేవాళ్ళం. ఇప్పటికీ ఆదివారం పొద్దున్న ఆరింటికి నేను అక్కడే ఉంటాను. కంద, దుంపలు, ఉల్లిపాయలు తప్పక కొంటాను. బచ్చలి మాత్రం మా పెట్టెలోది, కందా బచ్చలికి బయటి బచ్చలి కొనడం మానేశాం. పోయిన నెల నా మీద నేను ఒక లెక్క వేసుకున్నాను. ఒక పెట్టెలో ఇరవై అయిదు రోజులు నీళ్ళు పోసి, కలుపు తీసి, పురుగు ఏరి పెంచితే నాకు దక్కిన తోటకూర రెండు కట్టలు. అదే రెండు కట్టలు ఆకుకూరల ఆవిడ దగ్గర ఇరవై రూపాయలు. ఆ వారం నుంచి ఆమె దగ్గర బేరమాడడం నాకు చేతకావడం లేదు. మా ఆవిడ ఆలోచన వేరు. ధర తగ్గించమని అడగకపోయినా కొసరు అడగాలని ఆమె అంటుంది. నాలుగు రెబ్బల కరివేపాకు వేసి ‘తీసుకో అమ్మా’ అనడంలో ఆ ఆవిడకూ ఒక మర్యాద, ఒక తృప్తి ఉన్నాయట. ఆలోచిస్తే ఆ మాటలో న్యాయం కనిపించింది. ఇప్పుడు ధర నేను ఇస్తున్నాను, కొసరు మా ఆవిడ తీసుకుంటోంది.

టమాటా సంగతి నీకు నేను చెప్పడం తగదు, మీ ఊరి మార్కెట్టు ధరను బట్టే మా బజారు ధర కదులుతుంది. 2023 జూలైలో కిలో వంద దాటి ఎక్కడికో పోయినప్పుడు చింతపండు, గోంగూరలతోనే నెట్టుకొచ్చాం. ఇక్కడ డాబా మీద టమాటా చలికాలంలో బాగానే కాస్తుంది, ఎండలు ముదిరితే పూత నిలవదు. దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మీ ఊరి చల్లదనం మాకెక్కడిది?

కడియపులంక కూడా వెళ్ళివచ్చాను. చలికాలంలో అక్కడి నర్సరీల మధ్య నడిస్తే చేమంతి, బంతి, గులాబి మడులు రోడ్డుకు రెండు వైపులా ఎంతమేర పరుచుకుని ఉంటాయో నువ్వు ఎరుగుదువు. దూరపు రాష్ట్రాల లారీలు మొక్కలు ఎక్కించుకుంటూ ఆగి ఉన్నాయి. పోయిన ఏడాది నేను కొన్న ఎర్ర గులాబి ఎందుకు పూయడం లేదో అడగాలని దాని కొమ్మ ఒకటి పట్టుకెళ్ళాను. అక్కడి ముసలి తోటమాలి ఒక్క చూపు చూసి, అది గులాబి కొమ్మ కాదనీ, అంటు కట్టిన చోటుకు కింద నుంచి లేచిన అడవి కొమ్మ అనీ చెప్పాడు. ఏడాదిపాటు నేను ఆ బలమైన కొమ్మను చూసి మురిసిపోతుంటే, దాని వల్లే పైనున్న అసలు మొక్క చిక్కిపోయిందన్నమాట. ఇంటికి రాగానే మొదలంటా కోసేశాను. ఇప్పుడు అంటు పైన రెండు చిగుళ్ళు వచ్చాయి.

నిన్నటి పండుగ డాబా మీదనే చేసుకున్నాం. తలమీద జిల్లేడాకులు, రేగుపళ్ళు పెట్టుకుని స్నానాలు చేశాక, తులసి కుండీ ముందు ఎండ పడే చోట ఇటుకలు పేర్చి, పిడకల మీద ఇత్తడి గిన్నెలో పాలు పొంగించి, కొత్త బియ్యం, కొత్త బెల్లంతో పరమాన్నం వండాం. చీపురుపుల్లలు గుచ్చి చిక్కుడుకాయలతో రథం అమ్మే చేసింది. పోయిన ఏడాది వరకూ ఆకులూ కాయలూ బజారులో కొని తెచ్చేవాళ్ళం. ఈసారి అమ్మ పాదు దగ్గరకు వెళ్ళి, ఆకులు ఒక్కొక్కటే ఎంచి కోసి, వాటి మీదనే సూర్యుడికి నైవేద్యం పెట్టింది. తరువాత ఒక ఆకులో ప్రసాదం విడిగా పెట్టి, ‘ఇది దానవాయిపేట వదినకు’ అని మీ అమ్మగారి పేరున పక్కన ఉంచింది. నాకు గొంతు పూడుకుపోయింది. ఈ మాట ఫోనులో నీకు చెప్పలేక ఉత్తరం దాకా ఆగాను.

ఈ కవరులో కాగితపు పొట్లం ఉంది, అందులో నలభై గింజలున్నాయి. ఇవి మీ పెరటివే. అద్దె ఇంట్లో పెరడు లేకపోయినా మెట్ల పక్కన జాగా ఉందని నువ్వు రాశావు కనుక ఒక లోతైన తొట్టె, ఎక్కడానికి నాలుగు తాళ్ళు చాలు. ఆషాఢంలో వాన పడ్డాక ఒక రాత్రి నానబెట్టి విత్తు. అన్నీ ఒకేసారి విత్తకు, పదిహేను గింజలు బూడిదలో కలిపి దాచు. నేను చేసిన పొరపాటు నువ్వు చేయకూడదు. పక్కింట్లో అనప వేసి ఉంటే దానికి దూరంగా పెట్టు. చిక్కుడు పువ్వు ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కట్టినా, తేనెటీగలు కొంత కలిపే అవకాశం లేకపోలేదు. దసరా దాకా పూత రాకపోతే కంగారుపడవద్దు, ఎరువు అసలే పోయవద్దు.

నాకు మాత్రం ఒక కిలో అనపగింజలు, కూర వండే పద్ధతి చెల్లెమ్మ చేతిరాతతో పంపించు. ఎన్ని గంటలు నానాలో, మసాలా ఏమేమి నూరాలో వివరంగా రాయమను. పితికిన తొక్కలను ఏం చేస్తారో కూడా అమ్మ అడగమంది. తొట్టెలో వేస్తే ఎరువవుతాయా అని ఆమె సందేహం.

ఇట్లు
నీ మిత్రుడు