నీ 9/16 పానా పనికొచ్చింది బాపూ

క్లీవ్‌లాండ్,
ఆదివారం రాత్రి

బాపూ, అమ్మా,

నేను మంచిగనే ఉన్న. టైముకు తింటున్న, టైముకు పండుకుంటున్న. ఆఫీసు పని ఎప్పటి లెక్కనే నడుస్తున్నది, రాయడానికేం లేదు. అమ్మ బీపీ గోలీలు అయిపోకముందే తెమ్మని చిన్నదానికి చెప్పిన, తెచ్చిందా?

ఇవన్నీ ఫోన్ల చెప్పొచ్చు గదా అంటవు. ఫోన్ల నువ్వు రెండు ముక్కలు మాట్లాడి "ఇగో, అమ్మకిస్తున్న" అంటవు బాపూ. అందుకే రాస్తున్న. చిన్నది చదివి వినిపిస్తది. కంటి ఆపరేషన్ అయినంక డాక్టరు ఎన్ని రోజులు చెప్తే అన్ని రోజులు చుక్కలు వేసుకో, నడుమ ఆపకు.

పెద్దమ్మ కొడుకు మీకు చెప్పిండట, నేను పాత బండి కింద దూరి పైసలు మట్టిల పోస్తున్న అని. చిట్టి పైసలు ఈ నెల కూడ 5వ తారీఖుకే పంపిన, అమ్మను అడుగు. అప్పు తేలేదు. ఇంజన్ మీద మూత లెక్క బిగించే రెండు హెడ్డులకు 200 డాలర్లు, షాపుల పనికి ఇంకో 350, గ్యాస్కెట్లు, బోల్టులు వేరే. ఏడాది పొడుగునా కూడబెట్టి పెట్టిన. నీకు కోపం వస్తదని తెల్సు. "నా చేతులకంటిన గ్రీజు నీ చేతులకు అంటొద్దు" అన్నవు, ఆ మాట మీదనే నన్ను చదివించినవు. మర్చిపోలే. కానీ మొత్తం విను, విన్నంక తిట్టు.

బండి 1991 మోడల్ షెవర్లే పికప్పు. ఎనిమిది సిలిండర్ల వీ-ఎయిట్ ఇంజన్, 350 క్యూబిక్ అంగుళాలు, అంటే 5.7 లీటర్లు. నీ అంబాసిడర్‌ది ఒకటిన్నర లీటరు. అంత పెద్ద ఇంజన్‌కు కంపెనీ రాసింది 210 హార్స్‌పవరే. లోపమంతా హెడ్డుల ఉన్నది. గాలి లోపలికి పోయే దారిల రెక్క లెక్క ఒకటి పోత పోసిండ్రు, గాలి సుడి తిరుగుకుంట పోయి పెట్రోలు మంచిగ కలవాలె అని. మెల్లగ నడిపితే లాగుడు బాగుంటది. రేస్ చేస్తే మాత్రం ఊపిరాడది. 1996ల అదే కంపెనీ వోర్టెక్ అని వేరే హెడ్డు పెట్టి 255 అని రాసింది. ఇంజెక్షన్ మార్చినందుకు కూడ కొంత పెరిగి ఉంటది, అంతా హెడ్డుదే అంటలేను. ఆ హెడ్డులు పాత బ్లాకు మీద కూడ కూసుంటయి. అల్యూమినియం కాదు, పోత ఇనుమే. స్క్రాప్‌యార్డుల దొరుకుతయి.

నీకు యాదికున్నదా, అంబాసిడర్ హెడ్డు బోర్లేసి నాకు చూపిచ్చినవు. నాలుగు సిలిండర్లకు గాలి పోయే దార్లు రెండే. "ఇద్దరు పిల్లలకు ఒక్క గ్లాసు పాలు ఇచ్చినట్టు" అన్నవు. అప్పుడు నేను ఐదో తరగతి. ఈ హెడ్డు దారిల ఏలు పెట్టి చూసినప్పుడు అదే మాట యాదికొచ్చింది.

ఈ హెడ్డులకు ఒక రోగమున్నది. ఇంజన్ బాగా వేడెక్కితే వాల్వు సీట్ల నడుమ చీలుతయి. అందుకే షాపుకు తీస్కపోయి ప్రెజర్ పెట్టి చూపిచ్చిన. ఒకటి చీలిందే. మళ్ల స్క్రాప్‌యార్డుకు పోయి ఇంకోటి తెచ్చిన.

ఆ షాపు గురించి చెప్పాలె. లోపల అడుగు పెట్టంగనే రాణిగంజ్ల నువ్వు హెడ్డు ప్లేన్ చేయించే బోరింగ్ షాపు వాసనొచ్చింది. కోసిన ఇనుము, కాలిన నూనె, కిరోసిన్. నన్ను స్టూలు మీద కూసోబెట్టి, ఉస్మానియా బిస్కెట్ చేతిల పెట్టి, నువ్వు లోపలికి పోయేటోనివి. ఈడ ఒక ముసలాయన ఉన్నడు. మిషను మీదికెల్లి హెడ్డు తీసి, తుడిచి, బొటన ఏలుతోని ఈ చివరికెల్లి ఆ చివరి దాంక రుద్ది చూసిండు. గేజీతోని చూసింది తర్వాత. నువ్వు గూడ గట్లనే చూసేటోనివి. నేను పని లేకున్నా అక్కడ గంట సేపు నిలబడ్డ బాపూ. ఈ దేశం వచ్చినంక ఒక జాగల అంత సేపు మనసు నిమ్మళంగ ఉన్నది అదే మొదటిసారి.

అమ్మా, బోనాల ఫోటోలు చూసిన. ఆ పసుపు చీర నీకు బాగున్నది. వచ్చే ఆషాఢానికి లీవు అడుగుత.

పాత హెడ్డులు దింపుడు మస్తు కష్టమైంది. ఈడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతరు, బండ్ల కింద అంతా తుప్పే. పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డు బోల్టులకు రాత్రంతా నూనె పట్టించి పెట్టిన. అవి 9/16వి. ఇవి కూడ నీ అంబాసిడర్ లెక్కనే అంగుళాల పానాలు. నేను వచ్చేటప్పుడు నీ డబ్బాలకెల్లి ఒక 9/16 పానా బ్యాగుల దాచుకొని తెచ్చుకున్న. నీకు చెప్పలే. అన్నీ దాంతోనే విప్పిన. ఒకటి తెగింది గని, తెగింది పాత హెడ్డుల గదా, పోనీ అనుకున్న.

హెడ్డులకు గాలి పంచే ఇన్‌టేక్ మ్యానిఫోల్డు కూడ మారింది. పాతదానికి 12 బోల్టులు, దీనికి 8. అది దీనికి పట్టది.

ఇగ హెడ్డు బోల్టులు. ఒక్కో హెడ్డుకు 17. నడిమికెల్లి మొదలు పెట్టి అంచులకు పోయిన, మూడు విడతల బిగింపు: 25, 45, 65 ఫుట్‌పౌండ్లు. చూడకుంట నువ్వు లెక్క పెట్టినట్టే పైకి లెక్క పెట్టిన. కానీ ఒక తప్పు చేసిన. ఈ ఇంజన్ల హెడ్డు బోల్టులు బ్లాకుల నీళ్ల దాంక దిగుతయి, మరలకు సీలెంటు పుయ్యాలె. ఒక్కదానికి మర్చిపోయిన. బండి స్టార్టు చేసిన మూడో రోజు ప్లగ్గు కింద తడి కనపడ్డది. నీళ్లు దింపి, ఆ బోల్టు విప్పి, మరలు తుడిచి, సీలెంటు పూసి మళ్ల బిగించిన. "బోల్టు ఏడికి దిగుతదో చూడకుంట చెయ్యి పెట్టకు" అని నువ్వు ఎన్నిసార్లన్నవో. ఇప్పుడు పొడిగున్నది, నాలుగు రోజులైంది.

లాగుడు ఎట్లున్నదంటవా? ఇంతకు ముందు హైవే మీద ఎక్కంగ ఎక్సలేటర్ తొక్కితే మూలిగేది. ఇప్పుడు తొక్కేకొద్ది లాగుతున్నది, ఆగుతలేదు. నువ్వు పక్క సీట్ల ఉంటే బాగుండు.

ఒక్కటే అనుమానం. ఎడమ దిక్కు హెడ్డుల సన్నగ టిక్ టిక్ అంటున్నది. వాల్వులను లేపే లిఫ్టర్లు హైడ్రాలిక్‌వి. వదులు పోయే దాంక నట్టు తిప్పి, ఆ మీద అర చుట్టు తిప్పిన, పదహారు వాల్వులకూ. ఏదన్నా ఒకటి తక్కువ తిప్పిన్ననా, లేకుంటే మ్యానిఫోల్డు కాడ గ్యాస్ లీకవుతుందా తెలుస్తలేదు. రెండు రికార్డులు చేసి చిన్నదాని ఫోనుకు పంపిన, ఇంజన్ చల్లగున్నప్పుడు ఒకటి, వేడెక్కినంక ఒకటి. ఫ్యాను బందు పెట్టించి, చెవి కాడ పెట్టుకొని విను. వేడెక్కినంక తగ్గుతుందా లేదా చెప్పు. నువ్వు చెప్పే దాంక వాల్వు కవరు ముట్టను. ఈసారి ఫోను అమ్మకియ్యకు.

నీ పెద్దోడు