వజ్రం కాఠిన్యం చెప్పని సంగతి

సంపాదకునికి,

ఖనిజాన్ని రంగును బట్టి కాక కాఠిన్యం, చీలిక, మెరుపు, సాంద్రతలను బట్టి గుర్తించాలని బడిలో నేర్పుతారు. ఖనిజాల కాఠిన్యాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానంలో 10వ స్థానంలో ఉండి మరే ఖనిజమూ గీయలేని వజ్రం, పెన్సిల్‌లోని మెత్తని గ్రాఫైట్ రెండూ కర్బనమే. తేడా పరమాణువుల అమరికలోనే ఉంది. అంత గట్టి రాయీ చీలిక తలం (పరమాణువుల బంధం బలహీనంగా ఉండే తలం) వెంట ఒక్క సుత్తి దెబ్బకు పగులుతుంది. కానీ పశ్చిమ ఆఫ్రికా దేశమైన సియెర్రా లియోన్‌లో 1991 నుంచి 2002 దాకా సాగిన అంతర్యుద్ధానికి డబ్బు సమకూర్చిన రాయి ఏదో, నడుము లోతు బురద నీళ్లలో జల్లెడ పట్టి దాన్ని తీసిన కూలీ ఎవరో ఈ పరీక్షలేవీ చెప్పవు.

సంఘర్షణ వజ్రాల వ్యాపారాన్ని ఆపేందుకు ముడి వజ్రాలకు ధ్రువపత్రాలిచ్చే అంతర్జాతీయ ఏర్పాటుగా 2003లో మొదలైన కింబర్లీ ప్రక్రియ, తిరుగుబాటు దళాలకు నిధులిచ్చే ముడి వజ్రాలనే సంఘర్షణ వజ్రాలుగా లెక్కిస్తుంది. ప్రభుత్వ బలగాల హింస గానీ, బాల కార్మికుల చాకిరీ గానీ ఆ నిర్వచనంలోకి రావు. ఇది ఎంతమాత్రం న్యాయం కాదు. ఆ నిర్వచనాన్ని విస్తరించాలనీ, గని నుంచి దుకాణం దాకా రాయి ప్రయాణాన్ని కొనుగోలుదారుకు రాతపూర్వకంగా తెలపాలనీ కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు